నలుగురిలో ఒక్కతే చాలా?

ఆమధ్య భోగాపురంలో మా సంఘం సమావేశం ముగిశాక అందరం ఆటోల కోసం కాచుకుని కూర్చున్నాం. ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి తన సెల్‌ఫోన్‌లో ఏదో పందెం చూస్తోంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు మూగారు. నేనూ తొంగి చూశాను. ముగ్గురు మగవాళ్ళు, ఒక స్త్రీ. నడుము లోతు నీళ్ళలో వాగు దాటుతున్నారు. తర్వాత సైకిళ్ళు భుజాన వేసుకుని కొండ ఎక్కుతున్నారు. ఆ తర్వాత చీకట్లో, తలలకు దీపాలు కట్టుకుని, ఒక కాగితం పటం చుట్టూ చేరి దారి వెతుక్కుంటున్నారు. ఒళ్ళంతా బురద, కాళ్ళ నిండా పుళ్ళు.

ముక్కాం నుంచి వచ్చిన ఒక చేపలమ్మే ఆమె చాలాసేపు కళ్ళార్పకుండా చూసి, "ఇదేటప్పా, ఈలు సేస్తన్నదేటి? తెల్లారగట్ల గంప నెత్తినెట్టుకుని ఇసకలో నడుత్తన్నాం, ఊరూరా తిరుగుతన్నాం, సీకటడ్డాక ఇల్లు సేరతన్నాం. మనం రోజూ సేసేదే గదా! మనకెవులిచ్చినారు పతకం?" అంది.

అందరం నవ్వాం. ఆటో వచ్చింది, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాం. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆమెకు చెప్పవలసిన జవాబు కోసం ఆ ఆట గురించి చదివాను, తెలిసిన వాళ్ళను అడిగాను. చదివిన కొద్దీ అది మన ఉద్యమాలకు ఏమాత్రం సంబంధం లేని విషయం కాదని అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ పందేన్ని అడ్వెంచర్ రేసింగ్ అంటారు. సాహస పందెం అనుకోవచ్చు. మామూలు పరుగు పందెంలో దారి ముందే గీసి ఉంటుంది. పరిగెత్తడమే మన పని. ఇందులో గీసిన దారి ఉండదు. నిర్వాహకులు ఒక పటం ఇచ్చి, మధ్యలో తప్పకుండా తాకి వెళ్ళవలసిన గుర్తులు ఎక్కడున్నాయో చెబుతారు. వాటిని ఏ దారిన చేరుకోవాలో దిక్సూచి సాయంతో జట్టే తేల్చుకోవాలి. దారి చెప్పే ఉపగ్రహ పరికరాలు వాడకూడదు. కొంత దూరం నడక, కొంత సైకిలు, కొంత పడవ, కొన్ని చోట్ల తాడు పట్టుకుని కొండచరియ దిగడం. చిన్న పందేలు కొద్ది గంటల్లో అయిపోతాయి. పెద్దవి రాత్రింబవళ్ళు, రోజుల తరబడి సాగుతాయి. మనం పడుకున్నా గడియారం ఆగదు కనుక ఎప్పుడు పడుకోవాలో, ఎంతసేపు పడుకోవాలో కూడా జట్టే నిర్ణయించుకోవాలి.

ఈ ఆటకు ప్రాణం లాంటి నియమం ఒకటుంది. జట్టు మొత్తం కలిసే గమ్యం చేరాలి. ముగ్గురు ముందు పరిగెత్తి వెళ్ళి నాలుగో మనిషి కోసం ఎదురు చూస్తామంటే కుదరదు. దారి పొడవునా ఒకరికొకరు దగ్గరగా ఉండాలి. ఒకరు ఆగిపోతే ఆ జట్టుకు స్థానం లేనట్టే. అంటే జట్టు వేగం అంటే ఆ క్షణాన అందరికన్నా నెమ్మదిగా ఉన్న మనిషి వేగం. అందుకని బలం మిగిలిన వాళ్ళు అలసిన వాళ్ళ మూట మోస్తారు. నడుముకు తాడు కట్టి ముందుకు లాగుతారు. దీన్ని అవమానంగా ఎవరూ అనుకోరు. ఈరోజు లాగిన మనిషిని రేపు మరొకరు లాగవలసి రావచ్చునని అందరికీ తెలుసు.

ఈ ఆటకు ఇప్పుడున్న రూపం వచ్చింది 1989లో. జెరార్ ఫ్యుజిల్ అనే ఫ్రెంచి పత్రికా రచయిత 'రెయిడ్ గొలువాజ్' పేరుతో న్యూజిలాండ్‌లో మొదటి పెద్ద పందెం నడిపాడు. జట్టుకు ఐదుగురు, వాళ్ళలో కనీసం ఒక్క స్త్రీ ఉండి తీరాలన్నది షరతు. 1995లో అమెరికాలోని యూటాలో 'ఎకో ఛాలెంజ్' మొదలైంది. ఇప్పుడు ప్రపంచ స్థాయి పందేల్లో జట్టుకు నలుగురు. ఆడా మగా ఇద్దరూ ఉండాలన్న నియమం అలాగే కొనసాగుతోంది. 2019లో ఫిజీ దీవుల్లో జరిగిన ఎకో ఛాలెంజ్‌లో 30 దేశాల నుంచి 66 జట్లు పాల్గొన్నాయి. సోఫీ హార్ట్ అనే స్త్రీ సభ్యురాలిగా ఉన్న న్యూజిలాండ్ జట్టు గెలిచింది. మన దేశం నుంచి డెహ్రాడూన్ కవల అక్కచెల్లెళ్ళు తాషీ, నుంగ్షీ మాలిక్ 'ఖుకురీ వారియర్స్' అనే జట్టు కట్టి వెళ్ళారు. వీళ్ళిద్దరూ 2013లో ఎవరెస్టు ఎక్కినవాళ్ళు.

'ఒక్క స్త్రీ ఉండి తీరాలి' అన్న షరతు విలువ తెలియాలంటే ఆటల చరిత్ర కొంచెం గుర్తు చేసుకోవాలి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరిగెత్తి, గమ్యం దగ్గర అలసటతో ఒరిగిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ తర్వాత 1960 దాకా ఒలింపిక్స్‌లో స్త్రీలకు 200 మీటర్లు దాటిన పరుగు లేదు. పరిగెత్తి అలసిపోయిన మగవాడు వీరుడు, అలసిపోయిన ఆడది అబల! స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. అది జరిగిన ఐదేళ్ళకే ఒక పందెం వచ్చి, స్త్రీ లేని జట్టును అసలు బయలుదేరనివ్వం అంది. ఇది చిన్న విషయం కాదు. రోజుల తరబడి సాగే పందెంలో కండబలం ఒక్కటే సరిపోదు. ఓపిక, శక్తిని దాచుకుని ఖర్చు పెట్టుకోవడం, నిద్ర లేనప్పుడు కూడా నలుగురితో గొడవ పడకుండా ఉండటం, సరైన నిర్ణయం తీసుకోవడం, ఇవన్నీ కావాలి.

ఇంతవరకు చదివి నేనూ సంతోషించాను. తర్వాత ఫొటోలు వరసగా చూస్తుంటే ఒక అనుమానం వచ్చింది. ఏ జట్టు చూసినా ముగ్గురు మగవాళ్ళు, ఒక స్త్రీ. నియమం 'కనీసం ఒకరు' అంటోంది. ఆచరణలో అది 'ఒక్కరు చాలు' అయి కూర్చుంది. ఈ ఆటలో ఒక జోకు ప్రచారంలో ఉందట. పందేనికి తప్పకుండా తెచ్చుకోవలసిన సామాన్ల జాబితా ఒకటి ఉంటుంది: ఈల, దీపం, మందుల పెట్టె వగైరా. జట్టులోని స్త్రీని కూడా ఆ 'తప్పనిసరి సామాను'లో ఒకటిగా చెప్పి నవ్వుకుంటారట.

ఆ నవ్వు మనకు కొత్తది కాదు. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు దక్కినప్పుడు ఇదే నవ్వు విన్నాం. 2011లో మన రాష్ట్రంలో అది సగానికి పెరిగినప్పుడు మళ్ళీ విన్నాం. సంతకం ఆమెది, కుర్చీ ఆయనది. ఎవరైనా అధికారి వస్తే 'సర్పంచి గారు' అంటూ ఎదురొచ్చేది భర్తే. అలాగని రిజర్వేషన్ దండగ అని మనం ఏనాడూ అనలేదు. ఆ నియమమే లేకపోతే ఆమె గడప దాటి పంచాయతీ ఆఫీసుకు వచ్చి ఉండేదే కాదు. వచ్చాక కొందరు నేర్చుకున్నారు, కొందరు ఎదురు తిరిగారు, కొందరు కుర్చీ తమ వైపు లాక్కున్నారు. నియమం తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్ళాక ఏం జరుగుతోందో అడుగుతూ ఉండవలసింది మనమే.

సాహస పందెం విషయంలో నేను అడిగే ప్రశ్న ఒకటే. పటం ఎవరి చేతిలో ఉంది? జట్టులో స్త్రీ ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఏ దారిన వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో నిర్ణయించేటప్పుడు ఆమె మాటకు విలువ ఉందా? లేక ముగ్గురు నడిచిన దారిన నాలుగో మనిషిగా నడుస్తోందా?

ముక్కాం అప్పకు నేను చెప్పవలసిన జవాబు కూడా ఇక్కడే దొరికింది. నువ్వన్నది నిజమే అప్పా, నీ కాళ్ళకున్న సత్తువ వాళ్ళ కాళ్ళకు లేదు. కానీ నీ దారి నువ్వు గీసుకున్నది కాదు. గంప ఎంత బరువుండాలో, ఏ ఊరు వెళ్ళాలో, ఏ వేళకు ఇంటికి రావాలో బేరగాడూ, అప్పులవాడూ, ఇంట్లో ఆకలీ కలిసి గీశారు. ఈరోజు వద్దు, అలసిపోయాను అనే వీలు నీకు లేదు. వద్దనుకుంటే మానేసే వీలున్నప్పుడే కష్టం సాహసం అవుతుంది. ఆ వీలు లేనప్పుడు అది చాకిరీ. ఇంకొక తేడా కూడా ఉంది. ఆ పందెంలో అలసిన మనిషి మూట మిగతా ముగ్గురూ పంచుకుంటారు. నీకు జ్వరం వచ్చిన రోజున నీ గంప ఎవరు ఎత్తుకున్నారు? నీ వేగానికి తగ్గట్టు ఇల్లు ఎప్పుడైనా నడిచిందా?

కనుక ఆడవాళ్ళు ఎలాగూ కష్టపడుతూనే ఉన్నారు, వాళ్ళకు వేరే ఆటలెందుకు అనే వాదాన్ని నేను ఒప్పుకోను. కష్టం ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షల నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం, మనం సీడా అంటున్నది, 10వ అధికరణంలో ఆటల్లో, వ్యాయామ విద్యలో స్త్రీలకు సమాన అవకాశాలు ఉండాలంటుంది. 13వ అధికరణంలో వినోదం, క్రీడల్లో పాల్గొనే హక్కు గురించి చెబుతుంది. ఈ ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. హింస, ఆస్తి హక్కు, కూలి రేట్ల గురించి మాట్లాడేటప్పుడు సీడాను ఉదహరించే మనం ఈ రెండు చోట్లా ఎందుకో చూసీచూడనట్టు దాటిపోతున్నాం.

మన అమ్మాయిలకు శక్తి లేదనే వాళ్ళకు ఈ నేలే జవాబు చెప్పింది. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మరో నలుగురు నౌకాదళ అధికారిణులతో కలిసి 'తారిణి' అనే తెరచాప పడవ మీద 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి, 2018 మే నెలలో తిరిగి వచ్చారు. ఆరుగురూ స్త్రీలే. పటం, చుక్కాని, నిర్ణయం అన్నీ వాళ్ళవే. 1994లోనే బచేంద్రీ పాల్ నాయకత్వంలో స్త్రీల బృందం హరిద్వార్ నుంచి కలకత్తా దాకా గంగ మీద తెప్పల్లో ప్రయాణించింది.

వీటన్నిటిలో నాకు ఎక్కువగా పనికొచ్చే పాఠం మలావత్ పూర్ణది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన గిరిజన బాలిక. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరం చేరింది. అదే బృందంలో ఖమ్మం జిల్లా దళిత కుర్రవాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి కొండ మీద రాళ్ళెక్కడంతో మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్‌ల దాకా వాళ్ళకు శిక్షణ ఇప్పించింది, ఖర్చు పెట్టింది ప్రభుత్వ సంస్థ. పత్రికలు దీన్ని ఒక అద్భుతంగా రాశాయి. నేను దీన్ని అద్భుతం అనను. తిండి, హాస్టలు, శిక్షకుడు, మేమున్నామనే భరోసా దొరికితే పేద ఇంటి పిల్ల ఏం చేయగలదో అది చూపించింది. దొరకని చోట ఏమవుతుందో చూపించడానికి పత్రికలేవీ రావు.

దొరకని చోటు సంగతి నేను చూశాను. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసే ఊళ్ళలో ఒక పిల్ల పరుగులో జిల్లా పోటీలకు ఎంపికైంది. రెండు రాత్రులు బయట ఉండాలి. వెంట వెళ్ళేది వ్యాయామం మాస్టారు ఒక్కరే. ఒక టీచరమ్మను తోడు పంపితే మా పిల్లను పంపుతామని తల్లి అడిగింది. న్యాయమైన మాట. బడివాళ్ళు కుదరదన్నారు. పిల్ల ఆగిపోయింది. ఆ తల్లి ఛాందసురాలని బడివాళ్ళు అన్నారు. నేనూ ఆ రోజు బడికి వెళ్ళి గట్టిగా అడగలేదు. మాకు అంతకన్నా ముఖ్యమైన పనులున్నాయనుకున్నాను. పదో తరగతి కాగానే ఆ పిల్లకు పెళ్ళి చేశారు. ఆటకు పంపి ఉంటే పెళ్ళి ఆగేదని నేను చెప్పలేను. ఆ పిల్ల ఊరు దాటి రెండు రాత్రులు గడిపి తిరిగి వచ్చి ఉంటే, ఇంట్లో తన మాట చెప్పుకునే ధైర్యం కొంచెమైనా ఉండేదని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తల్లి భయాన్ని కొట్టిపారేసే హక్కు మనకు లేదు. 2023లో దేశానికి పతకాలు తెచ్చిన మహిళా రెజ్లర్లే లైంగిక వేధింపుల మీద ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర రోడ్డున కూర్చోవలసి వచ్చింది. పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. ఆటల సంస్థలు, స్టేడియాలు, పోటీలు జరిగే చోట్లు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయని అందులో స్పష్టంగా ఉంది. మన మండలాల్లో పిల్లల్ని పోటీలకు తీసుకువెళ్ళే వాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఫిర్యాదు ఎవరికి చేయాలో ఏ బడి గోడ మీద రాసి ఉంది?

మిగతా అడ్డంకులూ తెలిసినవే. సముద్రం పక్కనే పుట్టినా వేటకు పడవెక్కేది మగవాళ్ళే; నేను తిరిగిన తీరపు ఊళ్ళలో ఈత వచ్చిన ఆడవాళ్ళు చాలా తక్కువ. సైకిలు సంగతి కొంత నయం. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. చదువుకన్నా సైకిలే వాళ్ళను ముందు గడప దాటించిందని అప్పట్లో చెప్పుకున్నాం. మన దగ్గర తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది. బడికి వెళ్ళడానికి సరే, అదే సైకిలు మీద ఆదివారం పూట ఊరు చూసివస్తానంటే ఎన్ని ఇళ్ళు ఒప్పుకుంటాయి? పని మీద వెళ్ళే ఆడదాన్ని లోకం సహిస్తుంది. పని లేకుండా తిరిగే ఆడదాన్ని సహించదు.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట కదా అని మీలో కొందరు అడుగుతారు. ఇప్పుడున్న రూపంలో నిజమే. ఆ సైకిళ్ళ ధరలూ, పెద్ద పందేల్లో కంపెనీల ప్రకటనలూ చూస్తే మన బోటి వాళ్ళకు కాదనే అనిపిస్తుంది. పైగా భోగాపురం ఇప్పుడు మునుపటి భోగాపురం కాదు. విమానాశ్రయం కోసం కొన్ని ఊళ్ళు ఖాళీ అయి కాలనీలకు మారాయి. తీరం వెంట రిసార్టులు వచ్చాయి. సాహస క్రీడల పేరుతో రేపు ఇసక తిన్నెలకూ కంచె వేసి టిక్కెట్టు పెడితే, ముక్కాం అప్ప గంపతో నడిచే దారి కూడా మూసుకుపోతుంది. అందుకే ఈ మాట ముందుగా మనం ఎత్తాలంటున్నాను. మనం అడగకపోతే ఆట వాళ్ళదవుతుంది, తీరం వాళ్ళదవుతుంది, మన పిల్లలకు అక్కడ గదులు తుడిచే పని మిగులుతుంది.

ప్రమాదం మాటేమిటి? ఉంది. 2004లో అమెరికాలో జరిగిన ప్రైమల్ క్వెస్ట్ పందెంలో కొండరాయి దొర్లిపడి ఒక ఆస్ట్రేలియా ఆటగాడు చనిపోయాడు. మన తీరంలో అలల లాగుడు ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు. శిక్షణ లేకుండా, తేలే జాకెట్లు లేకుండా పిల్లల్ని నీళ్ళలోకి దించమని నేను అనడం లేదు. సముద్రం జోలికి, రాత్రి ప్రయాణం జోలికి పోకుండానే మొదలుపెట్టవచ్చు.

నా ఆలోచన ఇది. ఒక ఆదివారం పగటి పూట, నలుగురేసి అమ్మాయిల జట్లు. భోగాపురం నుంచి ఊళ్ళ మీదుగా సైకిళ్ళ మీద, కొంత దూరం తీరం వెంట సరుగుడు తోటల పక్కన నడక. మరుసటి ఏడాది ఇంకా లోపలికి, చంపావతి దాటి రామతీర్థం కొండల దాకా. బడిలో ఉన్న సైకిళ్ళు చాలు. పటం మనమే గీయవచ్చు. పల్లె వనరుల పటాన్ని ముగ్గుతో నేల మీద గీయించే పని మనందరం ఎన్ని ఊళ్ళలో చేయించలేదు? చెరువెక్కడ, దారెక్కడ, మందు దుకాణమెక్కడ అని ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా వివరంగా గీస్తారని మన నివేదికల్లో మనమే రాశాం. ఆ పటాన్ని నివేదికలో అతికించి ఊరుకోకుండా, ఆ పిల్లల చేతికిచ్చి దారి వెతుక్కోమంటే సరిపోతుంది.

షరతులు మాత్రం గట్టిగా ఉండాలి. ప్రవేశ రుసుము ఉండకూడదు. ప్రతి బడి నుంచి ఒక ఉపాధ్యాయిని తోడు రావాలి. మరుగుదొడ్లు, నెలసరి రోజుల్లో కావలసినవీ దారిలో ఏర్పాటు చేయాలి. ఏ బట్టలు వేసుకోవాలో ఆడేవాళ్ళ ఇష్టం. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ముందే చెప్పాలి. పటం ప్రతి అమ్మాయి చేతికీ వంతులవారీగా రావాలి. అందరూ కలిసి చేరితేనే చేరినట్టు.

ఇది కాకుండా మనం అడగవలసింది ప్రభుత్వాన్ని. ప్రతి మండలంలో ఆడపిల్లలకు ఈత నేర్పే ఏర్పాటు, ప్రతి ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయిని, పోటీలకు వెళ్ళే అమ్మాయిలకు తోడు వచ్చే స్త్రీ ఖర్చు. ఈ మూడూ మన కోరికల పత్రాల్లో మద్యం, రేషను, పింఛన్ల తర్వాత చివరి వరసలోనైనా ఉండాలి.

మొన్న మళ్ళీ ముక్కాం వెళ్ళినప్పుడు ఆ అప్పకు ఇదంతా చెప్పాను. చేపలు ఎండబెడుతూ విన్నది. "పతకం సంగతి నాకెందుకులే గానీ, మా గుంట ఎల్తానంటే పంపిత్తాను. దారి తప్పిపోతే?" అని అడిగింది. "నలుగురూ కలిసే తప్పుతారు, కలిసే వెతుక్కుంటారు" అన్నాను. కాసేపు ఆలోచించి, "మరైతే ఆ ఆటలోకి మా ఈడు వోలని రానియ్యరా?" అంది.

ఈ ప్రశ్నకు కూడా నా దగ్గర వెంటనే జవాబు లేదు. అయితే ఈసారి దాన్ని నవ్వి వదిలేయలేదు. వచ్చే సమావేశం ఎజెండాలో రాసుకున్నాను.